బంతి కన్నా ముందే అరవాలి

రికార్డింగ్ నొక్కి ఫోను ఆ దిండుకి ఆనించి పెట్టు. నేను చెప్పుకుంటూ పోతాను, నువ్వు తర్వాత తీరిగ్గా కూర్చుని సరిచేసుకో. మధ్యలో ఆపి ఆ మాట మళ్లీ చెప్పమంటే మాత్రం నాకు వరస తప్పిపోతుంది. ఇంతకాలం మైకు ముందు నిలబడ్డదాన్నే, కానీ అక్కడ చెప్పింది ఎప్పుడూ ఇంకొకరు రాసిన మాట.

సినిమాల్లో నా గొంతు నువ్వు బోలెడుసార్లు విన్నావు. విన్నట్టు నీకు తెలియదు, అంతే. పెళ్లి సీనులో హీరోయిన్ తలొంచుకుని నడిచొస్తుంటే వెనక ఎవరో "చీర రంగు భలే ఎంచారు" అంటారు చూడు, అది నేను. రైల్వే ప్లాట్‌ఫాం మీద "ఒసేయ్, నీళ్ల సీసా మర్చిపోయావే" అనేది నేను. ఆసుపత్రి వరండాలో దగ్గేది కూడా నేనే. షూటింగులో వెనకున్న జనం ఊరికే పెదాలు ఆడిస్తారు. వాళ్లకి గొంతు తర్వాత, ఇదిగో మన వీధి చివర ఎత్తు మీదున్న డబ్బింగ్ థియేటర్లో, మేం పెడతాం. గుంపు డబ్బింగ్ అంటాం. మేం ఉండేది గుప్పెడు మందిమి. ఒకసారి అరుస్తాం, స్థలాలు మారి, గొంతులు మార్చి మళ్లీ అరుస్తాం. అవన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఊరంత జనం తయారవుతారు. గాజులు తీసేసి, మెత్తని నూలు చీర కట్టుకుని వెళ్లాలి. పట్టుచీర గరగర కూడా మైకు పట్టేస్తుంది. ఈ గ్రూపుని నడిపేది నేను. అందరూ పిన్నిగారూ అంటారు, నాకన్నా పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయనతో సహా.

పోయినేడాది మాకు ఒక ఫుట్‌బాల్ సినిమా వచ్చింది. మన ఊళ్లో నడిబొడ్డున ఉన్న పాత స్టేడియంలోనే తీశారు. ఆఖరి మ్యాచ్, హీరో గోల్ కొడతాడు, స్టేడియం లేచి నిలబడుతుంది. ఆ లేచి నిలబడటం తీసినవాళ్లు తీశారు. కృష్ణానగర్ నుంచి బస్సుల్లో జూనియర్ ఆర్టిస్టుల్ని తెచ్చి, మిగతా ఖాళీ కంప్యూటర్లో నింపారు. అరుపు మా వంతు. మేం వెళ్లి, బొమ్మ చూస్తూ, గొంతు చీరుకునేలా అరిచాం. మైకు వెనక గదిలో డైరెక్టర్ అబ్బాయి, సౌండ్ ఇంజనీరు అబ్బాయి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. డైరెక్టర్ బయటికొచ్చి, చాలా మర్యాదగా, "పిన్నిగారూ, ఇది తిరునాళ్లలా ఉందండీ. ఎక్కడో రంగులరాట్నం తిరుగుతున్నట్టుంది" అన్నాడు.

మళ్లీ చేశాం. ఈసారి క్రికెట్‌లా ఉందన్నాడు. ఇంకోసారి చేశాం. ఈసారి తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

ఇంజనీరు అబ్బాయి దగ్గర వేరే దారి ఉంది. ఏదో విదేశంలో స్టేడియంలో రికార్డు చేసిన గోల కొనుక్కున్నాడు, కంప్యూటర్లో ఉంది. అది వేసి వినిపించాడు. భలే ఉందిలే, సముద్రంలా ఉంది. కానీ ఆ సముద్రం మధ్యలో వాళ్ల భాషలో వాళ్లెవరో పాట పాడుతున్నారు. మన ఊరి స్టేడియంలో ఆ పాటేంటని డైరెక్టరుకి నచ్చలేదు, అయినా సినిమా విడుదల దగ్గర పడింది. చివరికి మాకు ఇంకొక్క రోజు ఇచ్చారు, ఆ తర్వాతి వారంలో. అప్పటికీ కుదరకపోతే ఆ కొన్న గోలే పెట్టేస్తారు. పెట్టేస్తే ఈ ఒక్క సీనుతో పోదు. ఆ కంప్యూటర్లో పెళ్లి గోల ఉంది, బజారు గోల ఉంది, ఆసుపత్రి దగ్గు కూడా ఉంది. ఒకసారి దానికి అలవాటు పడ్డాక మా గుప్పెడు మందిని ఎవరు పిలుస్తారు? ఇంటికొచ్చి టీ పెట్టుకుంటుంటే నాకు తట్టింది. ఇన్ని వేల గొంతులు చేశాను గానీ, ఒక్కసారి కూడా ఫుట్‌బాల్ చూసే జనాన్ని నేను విననే లేదు.

అప్పుడు గుర్తొచ్చాడు మీ టోలిచౌకి తాత, మీ నాన్న వాళ్ల నాన్న.

నీకు ఆయన సంగతి పూర్తిగా తెలియదు. మీ అమ్మానాన్నల నిశ్చితార్థం రోజు ఏం జరిగిందో ఎవరైనా చెప్పారా? శ్రీనగర్ కాలనీలో చిన్న హాలు తీసుకున్నాం. మా వైపు చుట్టాలందరూ కోస్తా నుంచి దిగారు. తాంబూలాలు మార్చుకున్నాం, అంతా సవ్యంగా ఉంది, భోజనాలకి పిలిచేసరికి పెళ్లికొడుకు తండ్రి లేడు. హాలంతా వెతికారు. మా పెద్దమామయ్య మొహం మాడ్చుకుని, మన మర్యాదల్లో ఏం లోటు జరిగిందో కనుక్కోండన్నాడు. మీ నానమ్మ తాపీగా విస్తరి ముందు కూర్చుని చెప్పింది: "లోటేం లేదు వదినా. మ్యాచుంది. ఒస్తడు. మీరు ఒడ్డించుండ్రి." ఆఖరి పంక్తిలో పాయసం దగ్గరికి నిజంగానే వచ్చాడు, చెమట తుడుచుకుంటూ, ఏమీ జరగనట్టు. మావాళ్లు అది ఇప్పటికీ మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు, కానీ కోపంతో కాదు. సొంత కొడుకు నిశ్చితార్థం వదిలి పరిగెత్తేంత ఏముంది అక్కడ? ఇన్నేళ్లూ అడుగుదామనుకుంటూనే ఉన్నా. వియ్యంకుణ్ని ఏమని అడుగుతాం?

ఫోన్ చేసి, అన్నయ్యగారూ, ఈసారి మ్యాచ్‌కి వెళ్లేటప్పుడు నన్ను తీసుకెళ్తారా అన్నాను.

"ఏంది చెల్లెమ్మా, మజాకా?"

కాదని మొత్తం చెప్పాను. గ్రూపు సంగతి, కంప్యూటర్ గోల సంగతి. ఆయన శ్రద్ధగా విన్నాడు. అక్కడ నీడ ఉండదని, రాతి మెట్ల మీద కూర్చోవాలని, గొడుగు తెచ్చుకోమని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంగొకటి. కొత్తోళ్లు ఫస్ట్ హాఫ్ నోరు తెర్వద్దు. గది మా గ్యాలరీ కాయిదా, రూల్" అన్నాడు.

"నా బతుకుతెరువే నోరు తెరవడం అన్నయ్యగారూ."

"గందుకే ముందుగాల చెప్తున్న."

శనివారం మధ్యాహ్నం ఆటో దిగేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజం మీద తెల్లటి చేతిరుమాలు. వాళ్లు దస్తీ అంటారు. ఆ స్టేడియం చుట్టూ నేను ఎన్నిసార్లు తిరిగానో. గ్యాలరీ కింద వరసగా ఆటసామాన్ల దుకాణాలు, బ్యాట్లు, కప్పులు వేలాడుతుంటాయి. నీ స్కూల్ షటిల్ బ్యాట్ అక్కడే కొన్నాం. ఆ దుకాణాల నెత్తి మీద మెట్లున్నాయని, మెట్ల మీద మనుషులుంటారని ఎప్పుడూ తలెత్తి చూడలేదు. లోపలికి వెళ్తే ఎంత ఆకాశమో. పక్కన కొండ మీద తెల్ల గుడి, నాలుగు మూలలా లైటు స్తంభాలు, మధ్యలో పచ్చగా నేల. ఊరి రొద మొత్తం గోడ అవతలే ఆగిపోయింది.

జనం మాత్రం లేరు. నేను కిక్కిరిసి ఉంటారనుకున్నా. ముసలివాళ్లు, నడివయసు వాళ్లు, ఒక పది పదిహేను మంది ఉంటారేమో, అదీ ఒకచోట కాదు. ఒకాయన పైమెట్టు మీద, ఇంకొకాయన అంత దూరంలో కింద, మరొకాయన అటు స్తంభం పక్కన. అందరూ ఒకళ్లకొకళ్లు బాగా తెలిసినవాళ్లే, కేకలేసి పలకరించుకుంటున్నారు. దగ్గరగా కూర్చోవచ్చు కదా అని అడిగాను. మీ తాత నన్ను వింతగా చూశాడు. ఎవరి జాగా వాళ్లదట. మునుపు నిండుగా ఉన్నప్పుడు ఎవరెక్కడ కూర్చునేవారో ఇప్పుడూ అక్కడే. మధ్యలో కూర్చునేవాళ్లు రావడం మానేశారు, కొందరు పోయారు, ఆ ఖాళీలు అలాగే ఉన్నాయి. ఒకప్పుడు దేశం టీములో సగం మంది మన ఊరివాళ్లేనని, వాళ్లని ఇక్కడే చూశానని చెప్పాడు. స్తంభం పక్కనాయన అది విని, "సగం కాదు, ముప్పావు అను. ఎట్లైన అబద్ధమే కదా" అని అక్కణ్నుంచే అరిచాడు.

ఆట మొదలైంది. మన ఊరి టీములే రెండూ, నీలం చొక్కాలు, పసుపు చొక్కాలు. వీళ్లందరూ నీలం వైపు. నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను. నోరు మూస్తే చెవులు ఎంత పనిచేస్తాయో నాకు ఆరోజు తెలిసింది. సినిమాలో మేం అరిచేది హీరో పేరు, లేకపోతే "కొట్టు, కొట్టు" అని. ఇక్కడ అలా ఎవరూ అరవడం లేదు. బంతి ఉన్నవాణ్ని వదిలేసి లేనివాళ్లతో మాట్లాడుతున్నారు. "పీఛే చూడు బిడ్డా", "ఎడమ దిక్కు ఖాళీ ఉంది", "ఉరకకు, ఆగు, ఒస్తది". ఆ పిల్లలకి వెనక కళ్లుండవు కదా, ఆ కళ్లు వీళ్లు. పైమెట్టు ఆయనకి ఎడమ వైపు, స్తంభం ఆయనకి వెనక వైపు, ఎవరి జాగా నుంచి ఏది కనిపిస్తే అది వాళ్ల పని. అరుపు ఒక ముద్దలా రాదు. అక్కడొకటి, ఇక్కడొకటి, మధ్యలో ఖాళీ, మళ్లీ ఒకటి.

పసుపు చొక్కా వాడొకడు, సన్నగా పుల్లలా ఉన్నాడు, నీలం వాళ్లని వరసగా తప్పించుకుంటూ బంతిని కాలికి అంటించుకున్నట్టు తీసుకుపోయాడు. వీళ్లకి కోపం రావాలి కదా. పైమెట్టు ఆయన చెయ్యి చాపి, మెత్తగా, "ముకర్రర్" అన్నాడు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. అదేంటని మీ తాతని చెవిలో అడిగాను. ఉర్దూ కవుల ముషాయిరాలో షేర్, అంటే రెండు పాదాల పద్యం, నచ్చితే మళ్లీ చదవమని అడిగే మాటట. "శత్రువుక్కూడానా?" అన్నాను. "మంచి షేర్ ఎవరు చదివితేంది?" అన్నాడు. నాకు ఆ మాట పట్టుకుపోయి మా వాళ్లకి చూపించాలనిపించింది, చీర కొన్నట్టు.

అప్పుడొక విచిత్రం జరిగింది. కూర్చున్నవాళ్లందరూ ఉన్నట్టుండి లేచారు, గుండెల నిండా గాలి పీల్చుకుని. ఏమైందో, పాము గానీ వచ్చిందేమోనని నేను మెట్ల వైపు చూశాను. నేను ఇటు చూస్తుండగా అటు నీలం వాళ్లు గోల్ కొట్టారు. అంటే, బంతి ఇంకా తన్నకముందే లేచారన్నమాట. లేచాక కూడా వెంటనే అరవలేదు. అందరి తలలూ మా వైపు తిరిగాయి. నన్నెందుకు చూస్తున్నారని చీర సర్దుకున్నాను. నన్ను కాదు, మీ తాతని. ఆయన మైదానం గీత పక్కన జెండా పట్టుకుని పరిగెత్తే మనిషిని చూస్తున్నాడు. ఆ జెండా లేవలేదు. మీ తాత భుజం మీది దస్తీ తీసి పైకెత్తాడు. అప్పుడు అరిచారు చూడు, ఆ కొద్దిమంది. కింద దుకాణాల్లో కప్పులు గలగలమనే ఉంటాయి.

విరామంలో టీ వచ్చింది, పొట్లంలో పల్లీలు వచ్చాయి. అందరూ అప్పుడు మాత్రం జాగాలు వదిలి నా చుట్టూ చేరారు. నా పని చెబితే, గుంపులో గొంతు కోసం వేరే మనుషులుంటారంటే నమ్మలేదు. దగ్గి చూపించమన్నారు. దగ్గాను. మెచ్చుకున్నారు. నేను అసలు సంగతికి వచ్చాను, దస్తీ ఏంటని. స్తంభం ఆయన చెప్పాడు. గోల్ అనుకుని అరిచేశాక లైన్‌మన్, ఆ గీత పక్కన మనిషి, జెండా ఎత్తితే ఆ గోల్ చెల్లదు, అరిచినవాళ్ల పరువు పోతుంది, అవతలి గ్యాలరీ వాళ్లు వారం రోజులు నవ్వుతారు. అందుకని తాతల కాలం నుంచి వీళ్లలో ఒక మనిషి బంతిని చూడడు, జెండానే చూస్తాడు. అతను దస్తీ ఎత్తితేనే అరవాలి. మునుపు మీ తాత వాళ్ల నాన్న చూసేవాడు. తర్వాత ఈయన.

"అంటే అన్నయ్యగారూ, మీరు ఇన్నేళ్లలో గోల్ పడటం చూడనే లేదా?"

ఆయన పల్లీ పొట్టు ఊదుతూ, "సప్పుడు వింట కదా" అన్నాడు. తర్వాత, నేను అడగకుండానే, "గా దినం ఫైనల్ ఉండె చెల్లెమ్మా. నేను లేకుంటే ఈళ్లు ఎట్ల అరుస్తరు? కొడుకు నిశ్చితార్థంల నేను లేకున్నా భోజనాలైతే అయినయ్ కదా" అన్నాడు. స్తంభం ఆయన పక్కనుంచి, "ఫైనల్ ఓడిపోయినం. ఈయన పాయసమన్న తిన్నడు, మాకు గది గూడ లేదు" అన్నాడు.

చూశావా, ఇన్నేళ్ల ప్రశ్న. ఇంత చిన్న జవాబు.

రెండో సగంలో నాకు అరిచే అనుమతి వచ్చింది. అరిచాను. నా గొంతు సంగతి నీకు తెలుసు, మైదానంలో పిల్లలు కూడా తిరిగి చూశారు. మీ తాత నన్ను నొప్పించకుండా, "బస్సు పోయినంక చెయ్యెత్తుతున్నవ్ చెల్లెమ్మా" అన్నాడు. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ ఆలస్యమే. అప్పుడు నాకు అర్థమైంది మా తప్పు. డబ్బింగ్ అంటేనే బొమ్మని చూసి, పెదవి కదిలాక గొంతు కలపడం. ఇన్నేళ్లుగా నా ఒళ్లు దానికే తయారైంది. బంతి వలలో పడింది చూస్తాం, అప్పుడు అరుస్తాం. జనమేమో బంతి కన్నా ముందే అరవడం మొదలుపెడతారు, లోపల. నోట్లోంచి వచ్చేది దాని తోకే.

తర్వాతి వారం థియేటర్‌కి మా గ్రూపు వెళ్లింది, వాళ్లతో పాటు మీ తాత, స్తంభం ఆయన, పైమెట్టు ఆయన. నేనే పిలిచాను, ముందే డైరెక్టరుతో చెప్పి. తెల్లచొక్కాలు తొడుక్కుని, అత్తరు పూసుకుని వచ్చారు. చెప్పులు కిర్రుమంటున్నాయని గుమ్మం దగ్గరే విప్పించాను. ఎప్పుడూ మేం మైకు చుట్టూ అర్ధచంద్రంలా నిలబడతాం. ఆరోజు అందరినీ గది నాలుగు మూలలకీ విసిరేసినట్టు నిలబెట్టాను, మా గ్రూపులో ఒకామెని కుర్చీ ఎక్కించాను. ఇంజనీరు అబ్బాయి, ఇలా అయితే గొంతులు దూరంగా వస్తాయి పిన్నిగారూ అన్నాడు. దూరంగానే రావాలి బాబూ, మధ్యలో పోయినవాళ్ల ఖాళీ ఉండాలి అన్నాను. అతనికి అర్థం కాలేదు గానీ మైకులు అటూ ఇటూ జరిపాడు. ఎవరు ఏ వైపు అరవాలో పంచిపెట్టాను. మ్యాచ్ ముక్కలన్నీ చక్కగా వచ్చాయి. అవతలి టీము వాడు బాగా ఆడిన చోట మా గ్రూపు పెద్దాయన "ముకర్రర్" అంటే అద్దం వెనక గదిలోంచి డైరెక్టర్ బొటనవేలు చూపించాడు. నాకు ధైర్యం వచ్చింది.

ఇక ఆఖరి గోల్. బొమ్మ వచ్చింది. హీరోకి బంతి అందింది, మా వాళ్లందరూ గాలి పీల్చుకున్నారు, నేర్పినట్టే. హీరో తన్నాడు. బంతి వలలో పడింది. మా వాళ్లు అరిచారు. గ్యాలరీ ముసలివాళ్లిద్దరూ నోరు తెరిచి అలాగే ఉండిపోయారు, కళ్లు మీ తాత మీద. ఆయన దస్తీ భుజం మీదే ఉంది.

ఇంకోసారి వేశారు. అంతే. మూడోసారీ అంతే. వాళ్లిద్దరూ ఆగిపోయేసరికి మా వాళ్లు కూడా మధ్యలో తడబడుతున్నారు. డైరెక్టర్ బయటికొచ్చి ఏమైందండీ అన్నాడు.

"గోల్ కాదు గది," అన్నాడు మీ తాత. "ఆఫ్‌సైడ్."

బొమ్మ ఆపించి తెర దగ్గరికి నడిచి వేలు పెట్టి చూపించాడు. పాసు ఇచ్చే సమయానికి మనవాడు అవతలి టీము ఆఖరి కాపలా మనిషిని దాటి, గోల్‌కీపర్ ఎదురుగా ముందే వెళ్లి కాచుక్కూర్చోకూడదట. హీరో ఎంచక్కా కాచుక్కూర్చున్నాడు. డైరెక్టర్ తల గోక్కున్నాడు. తెలుసండీ అన్నాడు. ఎడిటింగ్‌లోనే చూసుకున్నారట. మళ్లీ తీద్దామంటే హీరోగారి డేట్లు లేవు. "అయినా జనం అదంతా చూడరండీ."

"చూడరా? మరి మేమేంది?"

ఇంజనీరు అబ్బాయి చేతిగడియారం చూసుకుని, కంప్యూటర్లో ఆ కొన్న గోల ఉన్న చోటికి వెళ్లాడు. అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. మా పెద్దాయన నా వైపు చూస్తున్నాడు, కుర్చీ మీదున్నామె నా వైపు చూస్తోంది. నాకు ఒళ్లు మండింది. వియ్యంకుడని కూడా చూడకుండా, "అన్నయ్యగారూ, ఇది సినిమా. మా వాళ్ల పొట్ట మీద కొట్టకండి" అన్నాను.

ఆయన కోప్పడలేదు. తప్పు చేసిన పిల్లాడిలా నిలబడి, "నీ పని ఖరాబ్ చెయ్యాల్నని కాదు చెల్లెమ్మా. చెయ్యి లేస్తలేదు. ఏంజెయ్యాలె?" అన్నాడు.

అది విన్నాక కోపం పోయింది. చెయ్యి లేవడం లేదు. నాకు బొమ్మ రాకముందు గొంతు లేవనట్టే. ఆయన ఒళ్లు దానికి తయారైంది. మరి నిజం స్టేడియంలో లైన్‌మన్ పొరపాటు పడితే ఏం చేస్తారు వీళ్లు? అదే అడిగాను. జెండా ఎత్తాల్సింది ఎత్తకపోతే?

"మస్తుసార్లు ఎత్తలే."

"అప్పుడు దస్తీ ఎత్తుతారా?"

"ఎత్తాలె. జెండా లేవకుంటే గోలే. లోపల గొణుక్కుంట ఎత్తుత." ఆగి, తెర వైపు చెయ్యి చూపించాడు. "గనీ జెండా ఏది చెల్లెమ్మా? నాకు కనపడొద్దా?"

నేను డైరెక్టర్ వైపు తిరిగాను. లైన్‌మన్ షాటు ఏదైనా తీశారా బాబూ అన్నాను. అతను ఆలోచించాడు. ఒకటుందన్నాడు. లైన్‌మన్ వేషం వేసిన జూనియర్ ఆర్టిస్టు జెండా కిందికి పట్టుకుని ఊరికే చూస్తూ నిలబడ్డాడు, అవసరమైతే వాడదామని తీసి పక్కన పడేశారు. ఎడిటర్‌కి ఫోన్ చేశాడు. ఆ ముక్క వచ్చేదాకా మేం టీ తాగాం, మీ తాత తాగలేదు. వచ్చింది. హీరో తన్నాడు, బంతి వలలో పడింది, ఒక్క రెప్పపాటు లైన్‌మన్ మొహం, కింద వాలిన జెండా, తర్వాత జనం.

దస్తీ లేచేదాకా అరవొద్దని మా వాళ్లకీ చెప్పాను. మళ్లీ వేశారు. అందరం బంతి కన్నా ముందే గాలి పీల్చుకున్నాం. వలలో పడింది. ఎవరూ అరవలేదు. ఆ రెప్పపాటులో గదిలో ఎంత నిశ్శబ్దమో, మన ఒంట్లో రక్తం మనకి వినిపించేంత. తెర మీద జెండా లేవలేదు. మీ తాత మొహం చిరాగ్గా పెట్టి, భుజం మీంచి దస్తీ లాగి, ఎత్తాడు.

మేం ఏం అరిచామో నాకు తెలియదు. అరిచేటప్పుడు తెలియకపోవడం నాకు అదే మొదటిసారి. అయ్యాక చూస్తే ఇంజనీరు అబ్బాయి చెవుల మీది హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని కూర్చున్నాడు. ఇంకోసారి చేద్దామా బాబూ అంటే, వద్దండీ అన్నాడు. కంప్యూటర్లో తెరిచి పెట్టుకున్న ఆ విదేశీ గోల మూసేశాడు. తర్వాత ఒక్కొక్క మైకు విడిగా వింటూ ఒకచోట ఆగి, నవ్వి, మమ్మల్ని పిలిచి వినిపించాడు. అంత అరుపు కింద, మూలనున్న మైకులో, మీ తాత గొంతు: "గోల్ కాదు గనీ, కానీ తియ్." తీసెయ్యమంటారా అని డైరెక్టర్‌ని అడిగాడు. డైరెక్టర్ ఉంచమన్నాడు.

సినిమా విడుదలయ్యాక అందరం కలిసి వెళ్లాం, నువ్వూ ఉన్నావు. నువ్వు తెర చూస్తున్నావు గానీ నేను మీ తాతని చూస్తున్నాను, ఆయన దగ్గరే నేర్చుకున్నా. ఆఖరి గోల్ దగ్గర మన ముందు వరసలో పిల్లలు బంతి తన్నకముందే లేచారు. వాళ్లకెవరూ నేర్పలేదు. లైన్‌మన్ మొహం వచ్చింది. మీ తాత చీకట్లో దస్తీ ఎత్తాడు, వెనకాయన కనపడట్లేదని విసుక్కున్నాడు. హాలంతా గోల. ఆ గోలలో ఆయన గొంతు ఉంది, మూలనెక్కడో, గొణుగుతూ. నాకు వినిపించింది. ఆయనకీ వినిపించిందనుకుంటా, పెదవి కదిలింది, సరిగ్గా ఆ మాటకి కలిసింది. డబ్బింగ్ మొదటి పాఠం అదే మరి.

ఆ కంపెనీ నుంచి మొన్న మళ్లీ ఫోనొచ్చింది. వచ్చే సినిమాలో పెళ్లి సీనుందట, గ్రూపు మొత్తాన్ని రమ్మన్నారు. మా వాళ్లు సంబరపడ్డారు. పెళ్లిదేముంది పిన్నిగారూ, ఎన్ని చెయ్యలేదు అంటున్నారు. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. పెళ్లిలో జనం నిజంగా "చీర రంగు భలే ఎంచారు" అనుకుంటారా, లేక అది మేం సినిమాల్లో చెప్పీ చెప్పీ అలవాటు చేశామా? తాళి కట్టకముందే ఎవరైనా గాలి పీల్చుకుంటారా? అక్షింతలు వెయ్యమని దస్తీ ఎత్తేదెవరు? ఆదివారం యూసుఫ్‌గూడలో మా కుర్చీ ఆవిడ కూతురి పెళ్లి. నువ్వూ రా. కాకపోతే తాళి కట్టేదాకా నన్ను పలకరించకు. కొత్తవాళ్లు ఫస్ట్ హాఫ్ నోరు తెరవకూడదు.